ముందు వరసకి సూదులు, నాకేమో దుప్పటి కప్పిన సౌండు – ఈ గిటార్ కేబినెట్‌తో ఏం చేయాలి?

రేణిగుంట_రిఫ్
మొన్న తిరుచానూరు రోడ్డులో ఒక రిసెప్షన్‌కి వాయించాం. రెండో పాటకే ముందు వరసలో కూర్చున్న పట్టుచీర అవ్వ కొంగు తీసి చెవిలో కుక్కుకుంది. మూడో పాట మధ్యలో మనవణ్ణి స్టేజి మీదికి పంపించింది. "అన్నా, ఆ గీపెట్టేది ఏదో ఆపమంటాంది మా అవ్వ" అని వాడు అందరి ముందూ చెప్పాడు. డ్రమ్స్ వాడు నవ్వు ఆపుకోలేక బీట్ తప్పాడు. పరువు పోయింది.
విచిత్రం ఏందంటే నేను నిలబడ్డ చోట గిటార్ మొద్దుగా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తోంది. అందుకే ట్రెబుల్ (సన్నటి పై స్థాయుల సౌండు) 5 నుంచి 7కి పెంచా, ఆ పై పదునునే ఇంకా పెంచే ప్రెజెన్స్ నాబ్ 6లో పెట్టా. ఆంప్ 30 వాట్లు, కేబినెట్‌లో 12 అంగుళాల స్పీకర్ ఒక్కటే. స్టేజి మీద నేలకే పెట్టా, నేను దానికి ఒకటిన్నర మీటర్ ముందు నిలబడతా. స్ట్రింగ్స్ మార్చా, కేబుల్ మార్చా, పెడల్ కూడా కొత్తది కొన్నా. ఇప్పుడు స్పీకరే మార్చాలా? చెన్నై వెళ్ళడానికి టికెట్ తీసుకోబోయే ముందు ఇక్కడ అడుగుదామని.

ఈక్యూ_చాలు
ట్రెబుల్ 7, ప్రెజెన్స్ 6 అని నువ్వే రాశావు. జవాబు అందులోనే ఉంది. రెండూ 4కి దించు, టికెట్ డబ్బులు మిగుల్చుకో.

పుత్తూరు_పిక్
అవ్వకి నా దండాలు. ఈ వేదికలో సభ్యత్వం ఇవ్వండి ఆవిడకి.

రేణిగుంట_రిఫ్
@ఈక్యూ_చాలు దించి చూశా అన్నా. అప్పుడు నాకు అసలేమీ వినపడలేదు, పక్క కుర్చీల్లో కూర్చున్న మా ఫ్రెండ్స్ "గిటార్ మోగిందా?" అని అడిగారు. అవ్వ మాత్రం కొంగు తియ్యలేదు.

కొర్లగుంట_కీస్
గిటార్ వాళ్ళకి ఎప్పుడూ వాళ్ళ సౌండే చాలదు. నా కీబోర్డు మీద పడి మోగిస్తారు, పైగా "నాకు వినపడట్లేదు" అంటారు. పదేళ్ళుగా ఇదే బాధ.

సౌండ్_సామి
తమ్ముడూ, టికెట్ తియ్యకు. నేను తిరుపతిలో ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకి, కాలేజీ ఫంక్షన్లకి బాక్సులు కడుతున్నా. ఈ జబ్బు నెలకి రెండుసార్లు చూస్తా. నీ స్పీకర్ బాగానే ఉంది. అది చూసే దిక్కే తప్పు.
ఒక్కసారి కొలతలు వేసుకో. మండపంలో స్టేజి మూడడుగులు. నేల మీద పెట్టిన కేబినెట్‌లో స్పీకర్ మధ్యభాగం స్టేజికి ఒక అడుగు పైన. రెండూ కలిపితే నాలుగడుగులు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషి చెవి నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుంది? దాదాపు నాలుగడుగులే. అంటే నువ్వు తుపాకీ గురిపెట్టినట్టు సరిగ్గా అవ్వ చెవికి గురిపెట్టావు. నీ చెవి మాత్రం స్టేజి మీద అయిదడుగుల పైన ఉంది. నీ మోకాళ్ళకి శానా బాగా వినపడుతూ ఉంటుంది, వాటినే అడిగి ట్రెబుల్ పెట్టుకో.
బాస్ సౌండు సాంబ్రాణి పొగలాగా నాలుగు వైపులా పోతుంది. ట్రెబుల్ అలా కాదు, టార్చిలైటు లాంటిది. 12 అంగుళాల కోన్ (స్పీకర్‌లో కదిలే గరాటు) నుంచి వచ్చే ట్రెబుల్ ఎదురుగా ఉన్న వాళ్ళకే పడుతుంది, పక్కకి జరిగితే చీకటి. నువ్వు చీకట్లో నిలబడి లైటు చాలట్లేదని బ్యాటరీలు పెంచుతున్నావు, ఆ వెలుతురంతా అవ్వ కళ్ళల్లో పడుతోంది.

మదనపల్లె_మెటల్
మోకాళ్ళు 😂😂 ఇది ఫ్రేమ్ కట్టించుకోవాలి.

లెక్కల_మేడం
మా అబ్బాయి కోసం ఈ వేదిక చూస్తుంటాను, వాడు గిటార్, నేను చిత్తూరులో లెక్కలు చెప్తాను. సామిగారి టార్చిలైటు మాటకి లెక్క ఉంది, రాయకుండా ఉండలేను.
గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. (మే నెల మధ్యాహ్నం తిరుపతిలో 40 డిగ్రీలుంటే 355 అనుకోండి, పెద్ద తేడా రాదు.) 300 హెర్ట్జ్ స్వరానికి తరంగం పొడవు 114 సెంటీమీటర్లు. 3000 హెర్ట్జ్‌కి 11.4 సెంటీమీటర్లే. 12 అంగుళాల స్పీకర్‌లో నిజంగా కదిలే కోన్ వ్యాసం దాదాపు 26 సెంటీమీటర్లు. తరంగం కోన్ కంటే బాగా పొడవుగా ఉన్నంతవరకూ శబ్దం అన్ని వైపులా పరుచుకుంటుంది. 1300 హెర్ట్జ్ దగ్గర రెండూ సమానం అవుతాయి. అక్కణ్ణుంచి పైకి పోయేకొద్దీ కట్ట కట్టినట్టు ముందుకే పోతుంది. ఎందుకంటే పక్కన నిలబడ్డ వాడికి కోన్ ఈ అంచు నుంచి వచ్చే శబ్దం ముందు, ఆ అంచు నుంచి వచ్చేది రవ్వంత వెనక చేరతాయి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎదురుగా ఉన్న వాడికి అన్నీ ఒకేసారి చేరతాయి, కలిసి బలపడతాయి.
కోన్ అంతా ఒకే ముక్కగా కదులుతుందనుకుంటే 3000 దగ్గర శబ్ద పీడనం సగానికి పడిపోయేది మధ్యగీతకి 18 డిగ్రీల పక్కన. మూడు మీటర్ల దూరంలో ఇది అటొక మీటరు, ఇటొక మీటరు. అంటే నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. మీ అవ్వగారు ఆ నాలుగింట్లో ఒకటి.
ఇక మీరు. ఒకటిన్నర మీటర్ ముందు, చెవి స్పీకర్‌కి 1.3 మీటర్ల పైన. దాదాపు 41 డిగ్రీలు. అదే లెక్కలో మీకు చేరేది ఎదురుగా ఉన్నదాంట్లో ఎనిమిదో వంతు. నిజం కోన్ పై స్థాయుల్లో ఒకే ముక్కగా కదలదు, మెలికలు తిరుగుతుంది, కాబట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. కథ మాత్రం అదే.

పుత్తూరు_పిక్
మా కాలంలో ఇలాంటి మేడం ఉంటే నేను లెక్కల్లో పాసయ్యేవాణ్ణి.

ఈక్యూ_చాలు
లెక్కలు బాగున్నాయి మేడం, కానీ చెవి కూడా ఒక మాట చెప్తుంది కదా. మన చెవికి 3000, 4000 మధ్యనే ఎక్కువ పదును. గిటార్ స్పీకర్లు చాలావాటికి సరిగ్గా అక్కడే, 2000 నుంచి 4000 మధ్య, ఒక గుట్ట ఉంటుంది, అంటే అక్కడ సౌండు మిగతా చోట్ల కంటే గట్టిగా వస్తుంది. 1986లో వచ్చిన సెలెస్షన్ వింటేజ్ 30కి ఆ గుట్ట వల్లే పేరు, ఆ గుట్ట వల్లే తిట్లు. గుట్ట ఉన్న చోట ఈక్యూతో (ఏ స్థాయి సౌండు ఎంత ఉండాలో పెంచి తగ్గించే నాబ్‌లతో) కొయ్యాలి. దానికి కుర్చీలు లెక్కపెట్టడం ఎందుకు?

సౌండ్_సామి
@ఈక్యూ_చాలు గుట్ట కొయ్యి, వద్దన్నదెవరు. కానీ ఈక్యూ స్పీకర్‌లోకి పోయేదాన్ని మారుస్తుంది, బయటికొచ్చాక ఎటు పోతుందో మార్చలేదు. నాలుగు కుర్చీలకి సరిపడా కోస్తే మిగతా మూడొందల కుర్చీలకి బురద. ఈ తమ్ముడికి జరిగింది అదే కదా, దించితే ఫ్రెండ్స్‌కి వినపడలేదన్నాడు.

ఈక్యూ_చాలు
మూడొందల కుర్చీలకి మైకు పెట్టి పీఏలో (హాలంతటికీ వినిపించే పెద్ద బాక్సుల్లో) ఇస్తారు, కేబినెట్ నుంచి నేరుగా కాదు.

సౌండ్_సామి
పెద్ద షోలో ఇస్తాం. రిసెప్షన్‌లో గిటార్‌కి మైకు పెట్టే భాగ్యం ఎక్కడిది? నాలుగు ఛానెళ్ళు పాడేవాళ్ళకి, ఒకటి యాంకర్‌కి, ఇంకోటి ఫొటో కోసం పట్టుకునే మేనమామకి.

ట్యూబ్_తాత
నేను చిత్తూరులో వాల్వు రేడియోలు బాగుచేసిన వాణ్ణి, ఇప్పుడు ఆంపులు చూస్తుంటా. అబ్బాయ్, నీ ఆంప్‌లో వాల్యూమ్ పాట్ మీద బ్రైట్ కెపాసిటర్ ఉందేమో చూపించు. వాల్యూమ్ తక్కువలో పెట్టినప్పుడు అది ట్రెబుల్‌ని పక్కదారిన దాటిస్తుంది. 3లో పెట్టి వాయిస్తే గుచ్చుతుంది, 7లో పెడితే దాని ప్రభావం దాదాపు పోతుంది. బ్రైట్ స్విచ్ ఉంటే ముందు అది ఆపు. వాక్స్ ఏసీ30 లాంటి వాటికి కట్ అని ఇంకో నాబ్ ఉంటుంది, పవర్ ఆంప్ దగ్గర పైస్థాయుల్ని కోస్తుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు పాపం.
ఇంకోటి. ఎవడో వస్తాడు, స్పీకర్‌కి అడ్డంగా కెపాసిటర్ వేసెయ్, ట్రెబుల్ చచ్చిపోతుంది అని చెప్తాడు. వెయ్యొద్దు. వాల్వు ఆంప్‌కీ మంచిది కాదు, ట్రాన్సిస్టర్ ఆంప్‌కీ మంచిది కాదు.

మదనపల్లె_మెటల్
నేను ఇంకా పెద్ద తప్పు చేశా. కేబినెట్ మోయలేక డిస్టార్షన్ పెడల్‌ని నేరుగా మిక్సర్‌లో పెట్టి పీఏ బాక్సులో వాయించా. ఆ బాక్సులో ట్రెబుల్ కోసం వేరే హార్న్ ఉంటుంది కదా. కందిరీగల తుట్టె మీద రాయి వేసినట్టు వచ్చింది. మా కాలేజీలో ఇప్పటికీ నన్ను కందిరీగ అంటారు.

సౌండ్_సామి
@మదనపల్లె_మెటల్ గిటార్ స్పీకర్ 5000 హెర్ట్జ్ దాటాక ఏటవాలుగా పడిపోతుంది. డిస్టార్షన్‌లో పుట్టే పై చెత్తని అదే ఆపేస్తుంది, అదొక జల్లెడ. పీఏ హార్న్‌కి ఆ జల్లెడ లేదు, అంతా బయటికి పంపిస్తుంది. క్యాబ్ సిమ్ (గిటార్ కేబినెట్ సౌండుని అనుకరించేది) ఉన్న పెడల్ మధ్యలో పెట్టు, లేదంటే మిక్సర్‌లో 5000, 6000 మధ్య హైకట్ పెట్టి, ఆ పైదంతా కొయ్యి. కందిరీగలు గూటికి పోతాయి.

రేణిగుంట_రిఫ్
సామన్నా, మేడం, తాతా, అందరికీ దండం. బ్రైట్ స్విచ్ ఉంది, ఆన్‌లోనే ఉండిపోయింది, ఇన్నాళ్ళూ చూడలేదు. ఆపితే కొంచెం మెత్తబడింది కానీ ఎదురుగా కూర్చుంటే ఇంకా గుచ్చుతోంది. దిక్కు సంగతి ఎలా సరిచేయాలి? కేబినెట్ కుర్చీ మీద పెట్టేస్తే సరిపోతుందా?

సౌండ్_సామి
ముందు చూసి నమ్ము. లూపర్ పెడల్ (వాయించింది రికార్డు చేసి మళ్ళీ మళ్ళీ వినిపించేది) ఉంటే నాలుగు బార్లు రికార్డు చేసి తిరగనివ్వు. స్పీకర్ ఎత్తుకి వంగి, మూడు మీటర్ల దూరంలో ఈ గోడ నుంచి ఆ గోడకి మెల్లగా నడువు. మధ్యలోకి వచ్చినప్పుడు కత్తి తగిలినట్టు తెలుస్తుంది, రెండడుగులు దాటగానే పోతుంది. ఒక్కసారి ఇలా నడిచినవాడు మళ్ళీ జన్మలో నిలబడి ట్రెబుల్ పెట్టడు.
తర్వాత ఎత్తు. కుర్చీ మీద పెట్టి వెనక్కి వాల్చు, ముందు కాళ్ళ కింద ఇటుక ముక్క వేసినా సరే. స్పీకర్ నీ మొహం వైపు చూడాలి. పాత ఫెండర్ ఆంపులకి పక్కన వాల్చే కాళ్ళుంటాయి, ఇందుకే. ఇప్పుడు అవ్వ విన్నది నువ్వూ వింటావు, నీ చెయ్యే వెళ్ళి ట్రెబుల్ దించుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు.
మూడో దారి, కేబినెట్‌ని జనం వైపు పెట్టకపోవడం. స్టేజి పక్కన పెట్టి అడ్డంగా, మీ బ్యాండు వైపు తిప్పు.

కొర్లగుంట_కీస్
అడ్డంగా తిప్పితే ఎవరి చెవిలోకి వస్తుందో తెలుసా? నా చెవిలోకి. ఈ సలహా వద్దు.

పుత్తూరు_పిక్
కీబోర్డు బాబాయ్, మీకూ ఒక కొంగు ఏర్పాటు చేస్తాం.

చర్చి_గిటార్
మా చర్చిలో రెండు 12 అంగుళాల స్పీకర్లు పక్కపక్కన ఉన్న కేబినెట్. ఇంకా ఘోరం, ఒక బెంచీకి సూది, పక్క బెంచీకి ఏమీ లేదు, ఆ పక్క బెంచీకి మళ్ళీ సూది. ఒకాయన నిలువుగా నిలబెట్టమన్నాడు, చేశాం. పక్కలకి చాలా బాగా పరుచుకుంది. పడిపోతుందేమోనని భయం, అందుకని గోడకి తాడు కట్టాం. ఎందుకు పని చేసిందో ఇవాళ మేడం రాసింది చదివాక అర్థమైంది.

లెక్కల_మేడం
అవును, పక్కపక్కన ఉంటే రెండు స్పీకర్ల నుంచి వచ్చే దూరాల్లో తేడా పక్కలకి పోయేకొద్దీ పెరుగుతుంది, కొన్ని చోట్ల కొట్టేసుకుంటాయి, కొన్ని చోట్ల కలుస్తాయి. నిలువుగా పెడితే ఆ గొడవ పైకీ కిందికీ మారిపోతుంది, బెంచీల వరసలో ఒకే స్పీకర్ ఉన్నట్టు ఉంటుంది. మండపాల్లో గోడలకి బిగించే సన్నటి పొడుగు బాక్సులు చూడండి, ఎప్పుడూ నిలువుగానే ఉంటాయి.

సౌండ్_సామి
మొన్నొక మండపంలో అందం కోసం వాటిని అడ్డంగా బిగించారు మేడం. ఏడవలేక నవ్వా.

నగరి_నేత
మా ఇంట్లో మగ్గాలున్నాయి. కేబినెట్ ముందు జాలీ బట్ట తీసేసి మందం లుంగీ బట్ట కడితే ట్రెబుల్ ఆగుతుంది కదా? నాలుగు మీటర్లు ఉచితంగా పంపుతా.

పుత్తూరు_పిక్
చెక్స్ లుంగీ కేబినెట్! వాయించే వాడు కూడా అదే కట్టుకుంటే యూనిఫామ్.

సౌండ్_సామి
@నగరి_నేత బట్ట చిక్కగా ఉంటే కొంచెం ఆగుతుంది అన్నా, కానీ ఎదురుగా, పక్కన, అంతటా ఒకేలా ఆగుతుంది. అది ఈక్యూ కోసినట్టే. టార్చి అద్దానికి బట్ట కట్టినట్టు, వెలుతురు తగ్గుతుంది కానీ కట్ట విడిపోదు.

హెడ్‌ఫోన్_హరిత
ఇంకా ఎవరూ స్పాంజి వడ గురించి చెప్పలేదేంటి? అమెరికా గిటార్ వాళ్ళలో పాత చిట్కా ఇది. నేను బెంగళూరులో ఉన్నప్పుడు చేసుకున్నా, మూడేళ్ళుగా అదే వాడుతున్నా. ఒక అంగుళం మందం స్పాంజి తీసుకుని స్పీకర్ అంత గుండ్రంగా కోసి, మధ్యలో మూడంగుళాల చిల్లు పెట్టి, జాలీ వెనక అతికించాలి. అంతే.
కోన్ అంచుల నుంచి వచ్చే ట్రెబుల్‌ని స్పాంజి తాగేస్తుంది, మధ్య చిల్లులోంచి వచ్చేది మాత్రం బయటికి వస్తుంది. అంటే ట్రెబుల్ వరకూ మీ 12 అంగుళాల స్పీకర్ మూడంగుళాల స్పీకర్ అయిపోతుంది. బాస్, మధ్య స్థాయులకి ఒక అంగుళం స్పాంజి లెక్కే కాదు, దాటిపోతాయి. ఎదురుగా సూది పోతుంది, పక్కలకి ఉన్నది అలాగే ఉంటుంది.

ఈక్యూ_చాలు
ట్రెబుల్ తాగేస్తే అదీ ఈక్యూనే కదా?

హెడ్‌ఫోన్_హరిత
కాదండీ. ఈక్యూ అన్ని దిక్కులకీ ఒకేలా కోస్తుంది. ఇది ఎదురుగా ఎక్కువ కోస్తుంది, పక్కన దాదాపు ఏమీ కొయ్యదు. పక్కన ఎటూ కొట్టేసుకుపోయే భాగాన్నే ఇది తీసేస్తోంది. అందుకే రెండు చోట్లా ఒకేలా వినిపించడం మొదలవుతుంది. తర్వాత మీ ఈక్యూ వేసుకోండి, అప్పుడు అందరికీ ఒకేలా పనిచేస్తుంది.

లెక్కల_మేడం
చిల్లు 7.5 సెంటీమీటర్లు అనుకుంటే తరంగం పొడవు దానికి సమానం అయ్యేది 4500 హెర్ట్జ్ పైన. గిటార్ స్పీకర్ 5000కే అలిసిపోతుందని సామిగారు అన్నారు. అంటే పనికొచ్చే ట్రెబుల్ దాదాపు అంతా పరుచుకుంటుంది. అదే లెక్కలో 3000 దగ్గర పూర్తిగా పక్కకి, 90 డిగ్రీలకి పోయినా పీడనం సగానికి పడదు. ఇందాక 18 డిగ్రీలకే పడింది. స్పాంజి నూరు శాతం తాగదు కాబట్టి నిజంలో ఇంత అందంగా రాదు, కానీ ఆలోచన చాలా బాగుంది. మందం కూడా ఊరికే పెట్టలేదు, 2.5 సెంటీమీటర్లు దాదాపు 3400 హెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతు.

పుత్తూరు_పిక్
గారె అనాలా వడ అనాలా ముందు తేల్చండి. కోస్తా వాళ్ళు చదివితే గొడవ.

హెడ్‌ఫోన్_హరిత
నేను చిత్తూరు పిల్లని. వడే.

మదనపల్లె_మెటల్
దీనికి ఉల్టాగా ఇంకోటి ఉంటుంది కదా, బీమ్ బ్లాకర్. కోన్ నడిమధ్య ఉండే బుడిపె ముందు ఒక గుండ్రటి బిళ్ళ అడ్డం పెడతారు. నేను స్టీలు డబ్బా మూత తీగలతో కట్టి చేశా. ట్రెబుల్ చెదిరింది నిజమే, కానీ ఓపెన్ ఏ కొట్టినప్పుడల్లా మూత గలగల. అమ్మ వచ్చి మూత తీసుకుపోయింది, కందిపప్పు డబ్బాది అది.

సౌండ్_సామి
బిళ్ళ కూడా పనికొస్తుంది, నేను రెండు కేబినెట్లలో చూశా. కానీ బిళ్ళ అంచుల దగ్గర ట్రెబుల్ విరిగి అటూ ఇటూ పోతుంది, గదిని బట్టి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. నా ఓటు వడకే. పైగా పరుపుల షాపులో చిల్లర డబ్బులకి దొరుకుతుంది.

ట్యూబ్_తాత
స్పాంజి ముందు వైపే పెట్టండి నాయనా. కాంబో ఆంప్ అయితే వెనక వాల్వుల దగ్గరికి పోనియ్యొద్దు. వాటి గాజు వేడికి స్పాంజి కరిగి అంటుకుంటుంది.

రేణిగుంట_రిఫ్
చేసేశా. ఫెయిలయ్యా. ఇంట్లో అక్క యోగా మ్యాట్ పాతది ఉంటే దాన్నే రెండు మడతలు అతికించి కోశా. సౌండు ఇంకా వింతగా అయింది, డబ్బాలోంచి మాట్లాడినట్టు. ట్రెబుల్ కూడా పెద్దగా తగ్గలేదు. బాస్ నోట్ కొడితే దేనికో తగిలి బర్ర్‌మంటోంది.

హెడ్‌ఫోన్_హరిత
అయ్యో. యోగా మ్యాట్‌లో గాలి బుడగలు మూసుకుని ఉంటాయి, శబ్దం లోపలికి పోదు, తిరిగి కొడుతుంది. థర్మాకోల్ కూడా అంతే. స్పాంజిని నోటికి ఆనించి ఊదండి, అవతలి వైపు చెయ్యి పెడితే గాలి తగలాలి. తగిలితే కొనండి, లేకపోతే వద్దు. బర్ర్‌మంటోందంటే కోన్‌కి తగులుతోంది. స్పీకర్ మీద పెట్టొద్దు, జాలీ ఫ్రేముకి వెనక వైపు అతికించండి, కోన్ అంచుకీ స్పాంజికీ మధ్య కనీసం ఒక సెంటీమీటర్ ఖాళీ ఉండాలి.

పుత్తూరు_పిక్
పరుపుల షాపులో నిలబడి స్పాంజి ఊదుతుంటే ఓనర్ మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నా.

రేణిగుంట_రిఫ్
@పుత్తూరు_పిక్ ఊహించుకోవద్దు, జరిగింది. గాంధీ రోడ్డు వైపు ఒక షాపులో నాలుగు రకాలు ఊదా. ఆయన "నాయనా, పడుకునే పరుపేనా ఇది?" అన్నాడు. విషయం చెప్తే నమ్మలేదు కానీ మూల పడి ఉన్న కట్ పీసు ఉచితంగా ఇచ్చేశాడు. అంగుళం మందం, మెత్తటిది, ఊదితే గాలి చేతికి తగిలింది.
కోయడం నరకం. బ్లేడుతో కోస్తే స్పాంజి నొక్కుకుపోయి అంచు ఏటవాలుగా వస్తోంది. చివరికి కొత్త కట్టర్ బ్లేడు పూర్తిగా బయటికి లాగి, నొక్కకుండా, రంపంలాగా పైపైన లాగుతూ పోతే కుదిరింది. బయట గీతకి అమ్మ దోసె పెనం మీద మూత వాడా, 28 సెంటీమీటర్లు ఉంది, కటౌట్‌కి సరిగ్గా సరిపోయింది. మధ్య చిల్లుకి స్టీలు గ్లాసు మూతి, కొలిస్తే 7.5. జాలీ విప్పి ఫ్రేముకి వెనక వెల్‌క్రో ముక్కలు ఆరు పెట్టి అంటించా, వద్దనుకుంటే పీకెయ్యొచ్చు.
లూపర్ పెట్టి ఆ గోడ నుంచి ఈ గోడకి నడిచా. సామన్నా, కత్తి లేదు. మధ్యలోకి వచ్చినప్పుడు రవ్వంత మెరుగు తెలుస్తోంది, అంతే. వడ తీసి మళ్ళీ నడిచా, కత్తి తిరిగొచ్చింది. మూడుసార్లు తీసి పెట్టి చూశా, మా తమ్ముడు కళ్ళు మూసుకుని విని మూడుసార్లూ కరెక్టుగా చెప్పాడు.

లెక్కల_మేడం
కళ్ళు మూసి పరీక్ష పెట్టడం చాలా మంచి పని. మీ తమ్ముడు సైన్సు గ్రూపా?

రేణిగుంట_రిఫ్
బైపీసీ మేడం 😄

ఈక్యూ_చాలు
ట్రెబుల్ ఇప్పుడెంతలో ఉంది?

రేణిగుంట_రిఫ్
కుర్చీ మీద పెట్టి వాల్చాక నా చెయ్యే దించేసింది. ట్రెబుల్ 4, ప్రెజెన్స్ 4.

ఈక్యూ_చాలు
నేను రెండో పోస్టులో ఏం చెప్పా? రెండూ 4కి దించు అన్నానా లేదా?

సౌండ్_సామి
అన్నావు సామీ, అన్నావు. ఆ 4 దగ్గరికి తమ్ముడు వడ మీదుగా వచ్చాడు. నువ్వు పంపిన దారిలో పోయుంటే గిటార్ వినపడేది కాదు. అయినా రెండు అంకెలూ కలిసినందుకు సంతోషం.

ఈక్యూ_చాలు
ఒప్పుకోను. కానీ నా కేబినెట్‌కి కూడా ఒక వడ కోస్తున్నా. ఊరికే, చూద్దామని.

పుత్తూరు_పిక్
స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

చర్చి_గిటార్
మైకు పెట్టేటప్పుడు వడ అడ్డం రాదా? మేం ఎస్ఎం57 మైకు జాలీకి ఆనించి పెడతాం.

హెడ్‌ఫోన్_హరిత
మైకు దగ్గరగా పెడితే చిల్లు ఎదురుగా పెట్టారా, స్పాంజి ఎదురుగా పెట్టారా అన్నదాన్ని బట్టి మారిపోతుంది. బుడిపె నడిమధ్య అయితే పదును ఎక్కువ, బుడిపె అంచుకి జరిపితే మెత్తన, అది వడ లేకపోయినా అంతే. నేను రికార్డింగ్‌కి వడ పీకేస్తా. అందుకే వెల్‌క్రో మంచి ఆలోచన.

మదనపల్లె_మెటల్
నాలుగు స్పీకర్ల కేబినెట్‌కి నాలుగు వడలు కావాలా?

సౌండ్_సామి
నాలుగూ కావాలి. ఒక్కదానికి మానేస్తే దాని కత్తి దానిదే. పైన ఏటవాలుగా ఉండే రకం అయితే పై రెండూ కొంచెం ఆకాశం చూస్తాయి, కింది రెండూ నేరుగా జనం మీదికే.

రేణిగుంట_రిఫ్
ఆఖరి అప్‌డేట్. నిన్న రాత్రి అలిపిరి దగ్గర ఇంకో రిసెప్షన్. కేబినెట్ కుర్చీ మీద, వెనక్కి వాల్చి, వడతో. ముందు వరసలో ముగ్గురు అవ్వలు. ఎవరూ కొంగు ముట్టుకోలేదు. ఒకావిడ నిద్రపోయింది కూడా, అది మెచ్చుకోలు కిందే రాసుకుంటున్నా. కీబోర్డు అన్న మాత్రం "ఇవాళ గిటార్ నాక్కూడా వినపడింది" అని మొహం మాడ్చుకున్నాడు.

కొర్లగుంట_కీస్
ఆ కీబోర్డు అన్న బాధ నాకు అర్థమవుతుంది.

నగరి_నేత
లుంగీ ఆఫర్ ఇంకా ఉంది.

హెడ్‌ఫోన్_హరిత
మధ్యలోంచి కోసి తీసిన గుండ్రటి ముక్క దాచుకోండి, మైకుకి గాలి ఆపడానికి పనికొస్తుంది.

రేణిగుంట_రిఫ్
లేటయింది హరితా. అమ్మ దాంతో గిన్నెలు తోముతోంది.